రోగి వాకిటికి వెళ్లిన పాలన



ఈ శతవార్షికోత్సవ సమయమున మన పెద్దలు కట్టిన దేవాలయములను, పాఠశాలలను కృతజ్ఞతతో స్మరించుచున్నాము. మన ప్రాంతములో జరిగిన మరియొక సేవను గూర్చి, అది గ్రామ పాలనకు నేర్పు పాఠమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. ఆ దినములలో క్షయ అనగా మరణమే. క్షయ ఉన్న ఇంటికి పిల్లనిచ్చుటకు కూడ జనులు జంకేవారు. డెన్మార్కు నుండి వచ్చిన మిషనరీ వైద్యులు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ గారి కృషితో, పలు మిషనులు ఏకమై 1915లో మదనపల్లె చెంత క్షయ శానిటోరియం తెరచినవి. అదియే ఆరోగ్యవరము. మందు లేని ఆ కాలములో మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారమే చికిత్స. అయితే ఏ పూటకు ఆ పూట కూలికి పోవు పేదవాడు నెలల తరబడి మంచము మీద ఉండగలడా?

అందుచేత సేవ గ్రామములకు కదలినది. 1950 నుండి 1955 వరకు డాక్టర్ జోహన్నెస్ ఫ్రిమోట్ మోల్లర్ గారి ఆధ్వర్యమున మదనపల్లె పరిసర గ్రామీణుల మధ్య క్షయ పరిశోధన జరిగినది. 1956లో మద్రాసులో మొదలైన మరియొక పరిశోధన, పేదల ఇండ్లలో ఇచ్చిన చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని 1959లో ఋజువు చేసినది. అదే సంవత్సరము నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ అమలులోనికి వచ్చినది. ఇది యాదృచ్ఛికమే. అయినను చికిత్సయు, అధికారమును ఒకే యేట పల్లెకు చేరినవి.

కాని ఈ రెండును ఒకదానినొకటి కలిసికొనుటకు చాల కాలము పట్టినది. దగ్గు తగ్గగానే రోగి మందు మానివేయును. మానవద్దని రోజూ చెప్పువారు ఎవరు? 1993 ఏప్రిల్ 24న అమలైన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యమును, స్త్రీ శిశు సంక్షేమమును చేర్చి, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండ స్థానములిచ్చినది. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా కాల్వ గ్రామ సర్పంచి ఫాతిమా బీ గారు స్త్రీలను పొదుపు సంఘములుగా కూర్చి, 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి పురస్కారము పొందినారు. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చినారు. 2023 మార్చి 24న క్షయ రహిత పంచాయతీ కార్యక్రమము మొదలైనది. రోగిని వెదకుట నేడు పంచాయతీ పని కూడ అయినది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక అవ్వ నెల దినములు దగ్గుచుండెను. నేను వెళ్లి ప్రార్థన చేసి వచ్చితిని. ఆ వీధి వార్డు సభ్యురాలు, పూర్వము అంగన్‌వాడీలో ఆయాగా పని చేసిన ఆమె, నన్ను అడిగినది: "అయ్యగారూ, ప్రార్థన చేసినారు, సంతోషం. అవ్వకు కళ్లె పరీక్ష చేయించినారా?" నా యొద్ద జవాబు లేదు. ఆమెయే అవ్వను ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయినది. క్షయ అని తేలినది. ఆరు నెలలు మందు మ్రింగించినది కూడ ఆమెయే. అవ్వ నేడు ఆరాధనకు నడచి వచ్చుచున్నది. పసిపిల్లలకు అన్నము తినిపించిన ఆ చేతులు పదవి వచ్చినను పాత పని మరువలేదు.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో విధవరాండ్ర ఆహారము చూచుటకు ఏడుగురు ఏర్పరచబడిరి. స్తెఫను, ఫిలిప్పు వారిలోనివారే. సంఘ నాయకత్వము వడ్డన పనిలో నుండి కూడ పుట్టినదని మనము మరువరాదు.

కావున పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థి కులమును, ధనమును అడుగక, కష్టకాలమున ఎవరి వాకిట కూర్చున్నాడని అడుగుదము. రెండు వారములు మించి దగ్గుచున్నవారు మన సంఘములో ఉన్నయెడల, ప్రార్థన చేసి, వెంటబెట్టుకొని పరీక్షకు తీసికొనిపోదము.