కంపెనీ ఎవరిది? – డోర్నకల్ జంక్షన్ చెప్పే చరిత్ర



సికిందరాబాదు నుంచి బెజవాడ పోయే రైలు ఎక్కినవారికి డోర్నకల్ జంక్షన్ కొత్త గాదు. పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలోనికి వచ్చినది. ఇక్కడ పెద్ద లైను నుంచి ఒక శాఖ చీలి కారేపల్లి వైపు పోతుంది. ఇల్లెందు బొగ్గును బయటి ప్రపంచానికి చేర్చడానికి 1880 దశకం చివరలో వేసిన దారి అది.

ఈ పట్టాల వెనుక రెండు కంపెనీల కథ ఉన్నది. బొగ్గు కథ రైతుకెందుకు అంటారా? ఇవాళ మన పల్లెల్లో మిర్చి, పత్తి పండించేవారు నలుగురూ కూడి కంపెనీ పెట్టుకుందామని అనుకుంటున్నారు. "రిజిస్టరు చేస్తే ఏమి లాభం? అప్పయితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? పెత్తనం ఎవరిది?" అని అడుగుతున్నారు. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు ఈ దారిలోనే దొరుకుతుంది.

ముందుగా కంపెనీ అంటే ఏమో చూద్దాము. ఇద్దరు పొత్తున దుకాణం పెట్టి నష్టపోతే, అప్పులవాడు వారి ఇల్లూ పొలమూ కూడా పట్టుకోవచ్చును. పెద్ద వ్యాపారాలకు పదిమంది సొమ్ము పెట్టాలంటే ఈ భయం అడ్డమయినది. అందుచేత ఇంగ్లండులో 1855లోను, మనదేశంలో 1857లోను ఒక కొత్త వెసులుబాటు చట్టంలోకి వచ్చినది. వాటాదారుడు తాను పెడతానన్న సొమ్ము వరకే బాధ్యుడు. ఆపైన అతని ఇంటి జోలికి ఎవరూ రాకూడదు. అంతేగాక, రిజిస్టరయిన కంపెనీ చట్టం దృష్టిలో వేరొక మనిషి. దాని పేర భూమి కొనవచ్చు, దావా వేయవచ్చు, దానిమీద దావా వేయవచ్చు. సభ్యులు కాలం చేసినా అది ఉంటుంది. లండనులో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి తన వ్యాపారాన్నే కంపెనీగా మార్చాడు. అది మునిగిపోగా, "సాలమన్ వేరు, కంపెనీ వేరు" అని 1896లో అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పినది. నేటికీ న్యాయస్థానాలు ఆ తీర్పును చెప్పుకుంటాయి.

ఇక మన కథకు వద్దాము. ఇల్లెందు దగ్గర బొగ్గున్నదని భూగర్భశాఖకు చెందిన డాక్టర్ కింగ్ 1871లో కనుగొన్నాడు. రైలు నడిపే పనికి నిజాం రాష్ట్రంలో లండను కంపెనీ ఒకటి ఏర్పడినది. పెట్టుబడిమీద నూటికి ఐదు వంతున ఇరవై ఏండ్లపాటు ప్రతిఫలం ఇప్పిస్తామని ప్రభుత్వం దానికి హామీ ఇచ్చినది. అందుకే దాని పేరులో 'గ్యారంటీడ్' అనే మాట చేరినది. లాభం తగ్గితే పూరించవలసినది ఖజానా. ఆ ఖజానా నిండేది ముఖ్యంగా రైతు కట్టే శిస్తుతోనే గదా!

గనుల సంగతి ఇంకా విచిత్రం. 1886లో రాష్ట్రంలోని గనులమీద 99 ఏండ్ల హక్కును ఇద్దరు ఇంగ్లీషువారు సంపాదించి, ఆ యేడే లండనులో 'హైదరాబాదు (దక్కన్) కంపెనీ'ని స్థాపించారు. మూలధనం పది లక్షల పౌండ్లు; ఒక్కొక్కటి పది పౌండ్ల చొప్పున లక్ష వాటాలు. ఈ లక్షలో 85,000 వాటాలు, సొమ్మంతా చెల్లించినట్లే లెక్కకట్టి, హక్కు తెచ్చినవారు తమకే రాసుకున్నారు. రొక్కం పెట్టి జనం కొన్నవి 15,000 మాత్రమే. అంతటితో ఆగలేదు. కంపెనీలో వాటాలు కొనిపెట్టమని నిజాం ప్రభుత్వం తన అధికారి సర్దార్ అబ్దుల్ హఖ్‌కు పురమాయించగా, ఆయన తన చేతిలోని వాటాలనే ప్రభుత్వానికి పది పౌండ్లకు మించిన ధరకు అమ్మినట్లు బయటపడినది. 1888లో ఇంగ్లండు పార్లమెంటు సంఘం దీనిపై విచారణ జరిపినది.

ఒక్క సంగతి గమనించండి. ఆ కంపెనీ చట్టప్రకారం రిజిస్టరయినదే. కాగితాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఇల్లు సక్రమంగా ఉన్నట్లు కాదు.

తరువాత 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి, పాత కంపెనీ ఆస్తులను, అప్పులను తన మీదికి తీసుకున్నది. 1930లో రైల్వేను, 1945లో సింగరేణిలో అధిక వాటాను నిజాం ప్రభుత్వం కొన్నది. నేడు ఆ కంపెనీలో తెలంగాణ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతులు. బొగ్గు అదే, గని అదే. వాటాలు చేతులు మారగా పెత్తనం మారినది. మామూలు కంపెనీలో ఓటు వాటానుబట్టి నడుస్తుంది.

ఇందుకు మారుగా మరొక దారి 1844లోనే ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఊళ్లో పుట్టినది. 28 మంది పేదలు, నేతగాళ్లు మొదలైనవారు, కలిసి సరుకుల దుకాణం పెట్టి, ఎవరి వాటా ఎంతయినా మనిషికి ఒకే ఓటు అని కట్టుబాటు చేసుకున్నారు. అది సహకారం. మనదేశంలో దానికి 1904లో చట్టం వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1964లో ఒకటి, సర్కారు జోక్యం తగ్గించి సభ్యులే నడుపుకొనేందుకు 1995లో మరొకటి వచ్చినవి. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి, ఈ రెండు దారులనూ కలిపి, ఉత్పత్తిదారుల కంపెనీ అనే కొత్త రూపాన్ని కల్పించారు. నేడు ఆ నియమాలు 2013 నాటి కంపెనీల చట్టంలో ఉన్నవి.

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్నలు చూద్దాము.

ఎంతమంది కావాలి? పంట పండించే పదిమంది చాలు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకుండా, పదిహేనుమందికి మించకుండా ఉండాలి. సభ్యుడు కాని ముఖ్య కార్యనిర్వాహకుణ్ణి ఒకరిని పూర్తికాలం పనికి పెట్టుకోవాలి.

పెత్తనం ఎవరిది? రైతులే సభ్యులైన కంపెనీలో పది షేర్లున్న ఆసామికీ, ఒక్క షేరున్న కూలిరైతుకూ ఒక్కటే ఓటు. షేరును బజారులో అమ్మడానికి వీల్లేదు. బోర్డు అనుమతితో, ముఖవిలువకు, మరొక క్రియాశీల సభ్యునికే ఇవ్వాలి. ఇల్లెందు వాటాలవలె లండను బజారుకు పోయే భయం లేదన్నమాట. మీ తదనంతరం షేరు ఎవరికి చెందాలో, సభ్యత్వం పుచ్చుకున్న మూడు నెలలలోగా పేరు రాసి ఇవ్వండి.

అప్పు ఎవరిమీద పడుతుంది? కంపెనీమీదే. షేరు సొమ్ములో మీరు ఇంకా కట్టవలసినది ఏమైనా ఉంటే అంతవరకే మీ బాధ్యత. కాని బ్యాంకులో డైరెక్టరు సొంత హామీ సంతకం చేసినచో ఆ రక్షణ అతనికి పోయినట్లే. చదవకుండా వేలిముద్ర వేయకండి.

లాభం ఎట్లా పంచుతారు? షేరు సొమ్ముమీద ఇచ్చే ప్రతిఫలానికి హద్దున్నది. మిగులును, కంపెనీకి ఎవరు ఎంత సరుకు పోశారో దానినిబట్టి బోనసుగా పంచవచ్చును. సొమ్ము పెట్టి కూర్చున్నవానికంటె మిర్చి బస్తాలు తెచ్చినవానికి ఎక్కువ ముట్టుతుంది.

రిజిస్టరయితే పని అయిపోయినట్లేనా? అసలు పని అప్పుడే మొదలు. మొదటి సర్వసభ్య సమావేశం 90 రోజులలోగా జరపాలి. ఆపైన ఏటేటా జరపాలి. లెక్కలు ఆడిట్ చేయించి రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. వరుసగా మూడేండ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేండ్లపాటు ఆ పదవికి అనర్హులవుతారు. వ్యాపారం జరగకపోయినా దాఖలు తప్పదు. ఆడిటరు రుసుము, గుమాస్తా జీతం ఏటా ఉండేవే. ఆ ఖర్చు ఎన్ని బస్తాల కమీషనుతో గిట్టుతుందో మొదటే లెక్క కట్టుకోండి.

ఇంకొక మాట. సభ్యులు పెట్టిన సొమ్ముకు సమానంగా, మనిషికి 2,000 రూపాయలకు మించకుండా, గ్రాంటు ఇచ్చే పథకం కేంద్రం 2020లో తెచ్చినది. మంచిదే. కాని గ్రాంటు కోసమని, సొమ్ము పెట్టని పేర్లను పుస్తకంలో ఎక్కిస్తే, ఆనాడు 85,000 వాటాలు రాసుకున్న వారికీ మనకూ తేడా ఏమున్నది? తన రూపాయి ఉంటేనే సభ్యుడు సమావేశానికి వచ్చి లెక్క అడుగుతాడు.

విస్తరణాధికారులకు ఒక మనవి. దరఖాస్తు నింపి పెట్టడంతో ఆగకండి. ఏ చట్టం కింద చేరుతున్నారో, సహకార సంఘమైతే ఏమి, కంపెనీ అయితే ఏమి, సంతకాలకు ముందే ఊరి నడుమ చదివి వినిపించండి.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మనవాళ్లు ఊరకే అనలేదు. అందరిదీ అన్నది ఎవరికీ పట్టకపోతే ఎంత గొప్ప చట్టమూ కాపాడలేదు. మీ ఊళ్లో కంపెనీ సభ జరిగిననాడు లేచి మూడు అడగండి: ఏ వాటాకు ఎవరు రొక్కం పెట్టారు? మా ఓటుకు విలువ ఎంత? లెక్కల పుస్తకం ఎక్కడున్నది? ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే, ధైర్యంగా షేరు తీసుకోండి.