చేతితొడుగు కథ

మనిషి తూలి ముందుకు పడునపుడు నేలను మొదట తాకునది అరచేయి. ఇది ఆలోచించి చేయు పని కాదు. ముఖమును కాపాడుకొనుటకై చేతులు తమంతట తామే ముందుకు చాచుకొనును. నడచువానికి ఇది మేలే. గీచుకొనిన చర్మము నాలుగు దినములలో మానిపోవును. కాని గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు మోటారుసైకిలు నుండి పడినవాని అరచేయి తారురోడ్డుపై ఒకచోట నిలువదు. ఘర్షణ గుణకము 0.7 అనుకొని లెక్కించినచో, ఆ దేహము సుమారు 14 మీటర్లు జారి, రెండు సెకన్లకు గాని ఆగదు. వేగము రెండింతలైనచో కాలము రెండింతలగును, దూరము నాలుగింతలగును.

చర్మము కొట్టుకొనిపోవుట ఒక్కటే అపాయము కాదు. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలలో, బొటనవ్రేలి వైపున, పడవ ఆకారము గలది ఒకటి కలదు. వైద్యులు దీనిని స్కాఫాయిడ్ అందురు. అరచేయి రోడ్డును కరచుకొని హఠాత్తుగా నిలిచి, వెనుకనుండి దేహభారమంతయు వచ్చి దానిపై పడినపుడు, మణికట్టు ఎముకలలో తరచుగా విరుగునది ఇదియే. దీనికి రక్తము చాలవరకు వ్రేళ్లవైపు కొనలో ప్రవేశించి మోచేతివైపునకు పోవును. నడుమ విరిగినచో మోచేతివైపు తునకకు రక్తము సరిగా అందక, అతుకుటకు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు ఆ తునక చచ్చియే పోవును. మగ్గము నేయువాడు గాని, తాపీ పట్టువాడు గాని ఆ మణికట్టుతోనే బ్రతుకవలెను. మన వీధులలో చేతితొడుగు ఇంకను షోకు వస్తువుగనే కనబడుచున్నది. దాని చరిత్ర చూచినచో, ఈ అపాయమును శాస్త్రజ్ఞులు శ్రద్ధగా కొలుచుటకు కూడ దాదాపు నూరేండ్లు పట్టినదని తెలియును.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ అనువారు కొయ్యచట్రముగల రెండు చక్రముల బండికి పెట్రోలు ఇంజను బిగించిరి. 1894లో మ్యూనిచ్ నగరమున హిల్డెబ్రాండ్, ఉల్ఫ్‌ముల్లర్ సంస్థ మోటారుసైకిళ్లను తయారుచేసి అమ్మకమునకు పెట్టినది. ఆనాటి వాహనచోదకులు తమకొక ప్రత్యేకమైన తొడుగు కావలెనని తలపలేదు. గుఱ్ఱపుస్వారి చేయువారును, బగ్గీలు తోలువారును వాడు తోలు తొడుగులే వారికి సరిపోయినవి. పడుదుమను భయముకంటె చలి, దుమ్ము, ఇంజను నూనె వారిని ఎక్కువ బాధించినవి. 1914-18 మహాయుద్ధమున బ్రిటిష్ సైన్యపు వార్తాహరులు ట్రయంఫ్, డగ్లస్ బండ్లపై వర్తమానములు మోయుచు, మోచేతి వరకు వచ్చు పొడవైన తోలు తొడుగులు ధరించిరి. చొక్కా చేతులలోనికి గాలి, వాన దూరకుండుటకే ఆ పొడవు. వీనికి గాంట్‌లెట్ అని పేరు. అది మధ్యయుగపు యోధులు కత్తివేటునుండి కాపాడుకొనుటకు తొడిగిన ఇనుప తొడుగు పేరు. ఇనుము పోయి పేరు మాత్రము మిగిలినది.

ఇనుము స్థానమును తోలు ఆక్రమించుటలో వింత లేదు. చర్మమున కొల్లాజెన్ అను ప్రోటీను నారలు దారములవలె ఒకదానిలో నొకటి చిక్కుకొని ఉండును. నేతవస్త్రములో ఒక పోగు తెగినచో పక్క పోగులు జారును. తోలులో అట్టి వరుస లేనందున చీలిక ముందుకు సాగదు. అయితే పచ్చిచర్మము కుళ్లును, ఎండిన కొయ్యవలె బిగియును, తడిగా ఉన్నపుడు 60, 65 డిగ్రీల వేడికే ముడుచుకొనిపోవును. దీనిని నిలుపుటకు మన మాదిగలు తరతరములుగా తంగేడు చెక్కను, తుమ్మ చెక్కను, కరక్కాయను వాడి తోలు ఊనుచుండిరి. తంగేడు చెక్కతో ఊనిన మద్రాసు తోళ్లు ఓడలెక్కి ఐరోపాకు పోయి పేరు తెచ్చుకొన్నవి. ఈ విద్యను నడిపినవారికి సంఘములో దక్కిన గౌరవము మాత్రము ఆ తోళ్లకు విదేశములందు దక్కిన దానితో పోల్చదగినది కాదు.

చెట్టుచెక్కతో ఊనిన తోలు దృఢమైనదే కాని దళసరి. 75, 85 డిగ్రీల నడుమ ముడుచుకొనును. వ్రేళ్ల కదలికకు తగిన పలుచని, మెత్తని, నీటికి ఓర్చు తోలు క్రోమియము లవణముల వలన వచ్చినది. జర్మను రసాయనికుడు ఫ్రీడ్రిఖ్ క్నాప్ 1858లోనే ఈ లవణముల గుణమును వర్ణించెను గాని, అది వ్యాపారమునకు రాలేదు. 1884లో న్యూయార్కులో ఆగస్టస్ షుల్జ్ ఒక పద్ధతికి పేటెంటు పొందెను. స్త్రీల కార్సెట్లలోని ఉక్కుబద్దలపై తొడుగు తోలు పటికతోను ఉప్పుతోను చేసినదై ఉక్కును తుప్పు పట్టించుచుండగా, అట్లు చేయని తోలు కావలెనని ఎవరో ఆయనను అడిగిరని చెప్పుదురు. 1893లో మార్టిన్ డెన్నిస్ దీనిని ఒకే తొట్టిలో జరుగునట్లు సులువు చేసెను. క్రోమియము అయానులు పక్కపక్క కొల్లాజెన్ అణువులలోని ఆమ్లవర్గములను పట్టుకొని వానిని ముడివేయును. అట్టి తోలు మరుగు నీటిలో వేసినను ముడుచుకొనదు. నడుచు ఇంజను ప్రక్కన, వానలోను ఎండలోను నలుగవలసిన తొడుగునకు ఇంతకంటె కావలసినదేమి?

ఈ పద్ధతిని మద్రాసునకు తెచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆయన అచ్చట క్రోము తోలు తయారీకి పూనుకొనెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, అడయారునందు కేంద్ర తోలు పరిశోధనాలయము వెలసినది. 1958 నుండి 1971 వరకు దానికి సంచాలకుడుగా ఉండినవాడు తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ. తోలు ఊనునపుడు కొల్లాజెన్‌లో ఏమి జరుగునో ఆయన పరిశోధించెను. అంతకుమించి, ఆ పరిశోధనను ఊరిలోని తోళ్ల తొట్టి వరకు తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. 1985లో కనిష్క విమానము కూలినపుడు ఆయన మరణించెను.

ఆ పరిశోధనాలయమునకు పొరుగుననే మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో కొల్లాజెన్ నిర్మాణమును వెల్లడించిరి. మూడు ప్రోటీను గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకొని త్రాడుగా ఏర్పడునని వారు చూపిరి. 1955లో దానిని మరింత సవరించిరి. ఎక్స్-కిరణ చిత్రములకై వారు వాడిన నారలలో కంగారూ తోక స్నాయువు కూడ ఉండుట ఒక చమత్కారము. ఏలయన, నేడు పందెపు మోటారుసైకిళ్లు నడపువారు ఏరికోరి తొడుగునది కంగారూ తోలే. దానిలో కొవ్వు స్వల్పము; నారల కట్టలు చర్మతలమునకు సమాంతరముగ సమముగా పరచుకొని ఉండును. అందుచే ఎంత పలుచగా కోసినను దాని బలము ఆవుతోలునకువలె తగ్గిపోదు. తొడుగు పలుచనైనకొలది బ్రేకు మీట స్పర్శ వ్రేళ్లకు బాగుగా తెలియును.

తోలు సంగతి ఇట్లుండగా చలిని కొలిచినవారు వేరు. 1941లో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను అమెరికనులు చిన్న ప్లాస్టిక్ గొట్టములో నీరు పోసి, గాలికి వ్రేలాడగట్టి, అది ఎంతసేపటికి గడ్డకట్టునో గమనించిరి. 1945లో ప్రకటితమైన ఆ లెక్కలనుండి గాలిచలి సూచిక పుట్టినది. 2001లో సవరింపబడిన సూత్రము ప్రకారము, 5 డిగ్రీల ఉష్ణోగ్రతలో 80 కిలోమీటర్ల వేగపు గాలి తగిలినపుడు ముఖమునకు మైనస్ 3 డిగ్రీల చలి తోచును. హ్యాండిలుపై ముందుకు చాచిన చేతుల గతియు ఇంచుమించు అంతే. మాఘమాసపు తెల్లవారుజామున లంబసింగి కొండ నెక్కువారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. చర్మము 15 డిగ్రీలకు దిగినపిమ్మట వ్రేళ్లు మొద్దుబారి, బ్రేకు పట్టుట ఆలస్యమగును. కావున చలితొడుగు సుఖమునకే కాదు, పడకుండుటకు కూడ సాధనము. వ్రేలు సన్నని స్తంభము వంటిది. దానిచుట్టు దూది ఎంత మందముగా చుట్టిన అంతగా వెలుపలి వైశాల్యమును పెరిగి, లాభము క్రమముగా తరిగిపోవును. మందపు తొడుగు మీటను కూడ సరిగా పట్టనీయదు. పలుచని లోతొడుగు, గాలి దూరని పై పొర కలిసినది మేలు.

వానకు మందు యాదృచ్ఛికముగా దొరికినది. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ కడ్డీలను 1969లో అమెరికాలోని డెలవేర్‌లో బాబ్ గోర్ వేడిచేసి మెల్లగా లాగుచుండగా అవి తెగిపోవుచుండెను. విసిగి ఒకదానిని ఒక్కసారిగా లాగగా అది తెగక, ఎన్నో రెట్లు సాగి, కంటికి కానరాని రంధ్రములతో నిండిపోయెను. నీటిబొట్టు ఆ రంధ్రములలో దూరలేదు. చెమట ఆవిరి బయటికి పోగలదు. అయితే ఆవిరి పోవుటకు లోపలి తేమ బయటికంటె ఎక్కువగా ఉండవలెను. తుపాను దినములలో కాకినాడ గాలి వంటి గాలిలో ఈ పొర పని మందగించును. అమ్మువారు ఈ మాట సాధారణముగా చెప్పరు.

ఎండ కథ దీనికి వ్యతిరేకము. రెంటచింతలలో గాలి 45 డిగ్రీలు చేరినపుడు అది చర్మముకంటె వేడి. వట్టి చేతులకు తగులు గాలి చల్లార్చుటకు మారుగా వేడిమినే తెచ్చును. చెమట ఆరుట ఒక్కటే చల్లదనము. అందుచే వ్రేళ్ల వెనుక సన్నని బెజ్జములు గల పలుచని తోలు తొడుగు వేసవికి తగినది. అరచేతివైపు మాత్రము బెజ్జములుండరాదు. రోడ్డుపై రాసుకొనునది అదే. చెమటకు తడిసిన తోలును ఎండలో గాని పొయ్యి దగ్గర గాని ఆరవేసినచో బిరుసెక్కి పగులును. నీడన గాలికి ఆరవలెను.

ఇక పడిన తరువాతి సంగతి. 1935లో టి. ఇ. లారెన్స్ మోటారుసైకిలు ప్రమాదములో తల పగిలి మరణించినపుడు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. 1941లో ఆయన శిరస్త్రాణముపై ప్రకటించిన పరిశోధన లోకమును కదిలించినది. చేతులకు అట్టి వకీలు దొరకలేదు. 1965లో డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫానీ క్వోలెక్ తయారుచేసిన ద్రవము మామూలు ద్రావణములవలె చిక్కగా గాక, మజ్జిగవలె పలుచగా, మబ్బుగా ఉండుటచే, దానిని నారగా వడకుటకు యంత్రము నడపువాడు మొదట ఒప్పుకొనలేదట. అదే కెవ్లార్ అయినది. బరువునకు బరువు ఉక్కుకంటె ఐదురెట్లు బలము. నైలానువలె రాపిడి వేడికి కరగి చర్మమునకు అంటుకొనదు. కుట్లలోను అరచేతి లోపొరలోను నేడు దీనిని వాడుదురు.

ఏ తొడుగు ఎంతసేపు నిలుచునో తేల్చిన యంత్రము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన రోడరిక్ వుడ్స్‌ది. సెకనుకు 8 మీటర్ల వేగముతో తిరుగు గరుకు కాగితపు పట్టాపై తోలుముక్కను 50 మిల్లీమీటర్ల ఎత్తునుండి పడవేయుదురు; ముక్క అరిగి లోపలి సన్నని తీగ తెగినంతనే గడియారము నిలుచును. 2015 నాటి ఐరోపా ప్రమాణము ప్రకారము అరచేతి భాగము మొదటి తరగతిలో 4 సెకన్లు, రెండవ తరగతిలో 8 సెకన్లు నిలువవలెను. మణికట్టు దాటి పైకి వచ్చు భాగము మొదటిదానిలో 15, రెండవదానిలో 50 మిల్లీమీటర్లైనను ఉండవలెను. పట్టీ బిగించిన తొడుగు లాగినను ఊడరాదనుట మరియొక పరీక్ష. దుకాణములో పిడికిలిపై ఎత్తుగా నిలిచిన ప్లాస్టిక్ గుబ్బలకు మురియువారు ఈ చివరి పరీక్షను చేయరు. పట్టీ బిగించి, వ్రేళ్ల కొనలు పట్టి గట్టిగా లాగిచూడవలెను. ఊడివచ్చినచో అది రోడ్డుపై మొదటి తాకిడికే ఊడును. అరచేతి మొదట నున్నని గట్టి పలక ఉన్నదా అనియు చూడవలెను. అది చేతిని రోడ్డు కరవనీయక జారనిచ్చి, స్కాఫాయిడ్‌ను కాపాడుటకు ఏర్పడినది.

2011లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి ప్రమాదములలో చిక్కిన 212 మందిని పరిశీలించినది. మోటారుసైకిలు తొడుగులు ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసివచ్చుట ధరించనివారితో పోల్చినచో సగముకంటె తక్కువ. అయినను ఆ తొడుగులలోనే 25.7 శాతము ప్రమాదములో చిరిగియో అరిగియో విఫలమైనవి. నాలుగింట ఒకటి! తొడుగు ఉండుట వేరు, తగిన తొడుగు ఉండుట వేరు అని వుడ్స్ యంత్రము చెప్పినదానినే రోడ్డు కూడ చెప్పినది.

2016 నవంబరు 20 నుండి ఫ్రాన్సు దేశము మోటారు ద్విచక్రవాహనముపై పోవు ఇరువురికిని, నడపువానికిని వెనుక కూర్చుండువానికిని, ప్రమాణ చిహ్నముగల చేతితొడుగులను తప్పనిసరి చేసినది. మన 1988 మోటారు వాహనముల చట్టము 129వ విభాగము తలను గూర్చి చెప్పుచున్నది; చేతుల ప్రస్తావన అందు లేదు.