చూసినవాళ్లు, దొర్లినవాళ్లు

బడి స్వర్ణోత్సవ సంచికలో మిత్రులంతా మాస్టార్ల గురించి, ఆటల గురించి రాస్తారని తెలుసు. నేను మాత్రం మన మైదానంలో గంటసేపు జరిగిన ఒక పాఠం గురించి రాస్తాను. అది చరిత్రలోంచి మన దాకా వచ్చిన పాఠం.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్లతో పాటు పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతున్నాయి.

1984లో ఆ వారంలోనే ఎర్ర బండి మన బడికొచ్చింది. ఒంటిపూట బడులు. నేను తొమ్మిదో తరగతి. ఊళ్లో సగం తాటాకిళ్లే. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ లేస్తే వీధి వీధంతా బూడిదయ్యేది. వచ్చిన ఉద్యోగి ఉపన్యాసం ఇవ్వలేదు. “ఒంటికి నిప్పంటుకుంటే పరిగెత్తకూడదు. ఆగాలి, పడుకోవాలి, దొర్లాలి” అని చెప్పి, మగపిల్లలందరినీ వరసగా ఇసుకలో మూడేసి సార్లు దొర్లించాడు. ముఖం రెండు చేతులతో కప్పుకోమన్నాడు. ఆడపిల్లలు వరండాలో నిలబడి చూశారు. బట్టలు మాసిపోతాయని వాళ్లను పిలవలేదు. అది తప్పని అప్పుడు నాతో సహా ఎవరికీ తోచలేదు.

ఆ వేసవి సెలవుల్లోనే మా ఇంట్లో ప్రమాదం జరిగింది. ఆరో తరగతి పరీక్షలు రాసిన మా చెల్లెలు వత్తుల స్టవ్వు మీద పొంగుతున్న పాలు దించబోయింది. నైలాన్ పరికిణీకి మంటంటుకుంది. కేకపెడుతూ పెరట్లోకి పరిగెత్తింది. గాలికి మంట ఇంకా లేచింది. నేను ఏమీ ఆలోచించలేదు. వెంటపడి పట్టుకుని, కిందపడేసి దొర్లించాను. అమ్మ తడి గోనెసంచి కప్పింది. ప్రాణం దక్కింది కానీ కాలు బాగా కాలింది. పొరుగువాళ్లు దాని మీద సిరా పోశారు. కాలినచోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పారనివ్వాలని మాకెవరికీ తెలియదు.

కొన్నాళ్లకు అడిగాను, “ఆ రోజు బడిలో నువ్వూ చూశావు కదే?” అని.

“చూశానన్నయ్యా. కానీ కాళ్లు పరిగెత్తాయి” అంది.

ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేశాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. మాక్ డ్రిల్‌లో మంటలార్పే సిలిండర్‌ను ఒక్కసారైనా చేత్తో పట్టినవాడు వెంటనే పిన్ను లాగుతాడు. పట్టనివాడు దాని మీద రాసింది చదువుతూ నిలబడతాడు.

2004 జూలై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన మంట తాటాకు కప్పుకు అంటుకుంది. ఆ దుర్ఘటన మీద వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటిలో మంటలార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. పరికరం గోడకు తగిలిస్తే సరిపోదు, పిల్లల చేతికీ పని నేర్పాలి.

వంటిల్లు కూడా మారింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాసు పల్లెపల్లెకూ చేరింది. కిరోసిన్ ఒలికితే కంటికి కనిపించేది. గ్యాసు కనిపించదు. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. వాసన కూడా మనకు తెలియాలని కలిపిందే. ఆ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకూడదు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చెయ్యాలి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, స్టవ్వు కట్టి మూత పెట్టాలి. పొగ కమ్మితే నేల మీద పాకుతూ రావాలి. 101కి ఫోన్ చేసి ఇంటి గుర్తులు చెప్పాలి. ఇవన్నీ నిప్పు రాజేయకుండానే పిల్లల చేత చేయించొచ్చు. ఒక ఖాళీ సిలిండర్, రెగ్యులేటర్, మూకుడూ మూతా, మంటకు బదులు ఎర్ర గుడ్డ ఉంటే చాలు.

మిత్రులారా, స్వర్ణోత్సవ నిధిలోంచి ఈ సామాను కొని బడికిద్దాం. ఏప్రిల్‌లో పరీక్షల హడావిడి కాబట్టి ఏటా దీపావళికి ముందు ఒక పూట ఈ పాఠం పెడదాం. మొదటి ఏడాది నేనొచ్చి చేయిస్తాను. మా చెల్లెలూ వస్తానంది. ఈసారి వరండాలో ఎవరూ నిలబడకూడదని, ఆడపిల్లల చేతే మొదట దొర్లించాలని తన షరతు.