గదిలో ఒదిగిన రైలుదారి

పిల్లల ఆటవస్తువుగా పుట్టి పెద్దల విద్యగా ఎదిగినవి లోకంలో కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, నడుమెత్తు బల్లలు కట్టి, వాటిపై పట్టాలు పరిచి, కొండలూ స్టేషన్లూ నిలిపి, టైం టేబుల్ ప్రకారం చిన్న రైళ్లు నడపడం అటువంటి విద్య. మనవాళ్లలో దీన్ని ఎరిగినవారు తక్కువ. ఇంగ్లండులో మాత్రం 1910లోనే లండన్‌లో ఇందుకొక క్లబ్బు ఏర్పడింది. ఈ విద్య చరిత్రలో యంత్రాల కథ సగమైతే, మనిషి చేతిపని అతని తరువాత ఏమవుతుందన్న ప్రశ్న మిగతా సగం.

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతకు మెర్క్‌లిన్ సంస్థ ఒక కొత్త సరుకు తెచ్చింది. అంతకుముందు బొమ్మ రైలంటే చాలావరకు ఒంటరి వస్తువు. నేలమీద కాస్త పరుగెత్తి ఆగిపోయేది. మెర్క్‌లిన్ వారు పట్టాలను విడి ముక్కలుగా అమ్మారు. పట్టాల నడుమ వెడల్పులకు వరుస అంకెలు పెట్టారు. ఈ ఏడు గుండ్రటి దారి కొన్నవాడు పై ఏడు ఒక పాయింటు, ఆ పై ఏడు ఒక స్టేషను కొని కలుపుకోవచ్చు. పెరిగే గుణం వచ్చాక అది బొమ్మగా మిగలలేదు. ఆ తరువాత వచ్చిన 32 మిల్లీమీటర్ల చిన్న దారికి సున్నా అని పేరు. అందులో సగం ఉజ్జాయింపుగా తీసుకుని ‘హాఫ్ ఓ’ అన్నారు. అదే నేటి హెచ్.ఓ. దాని వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అసలు రైలులో 87వ వంతు. ఇంగ్లీషువారి బండ్లు యూరపు బండ్లకన్న ఇరుకైనవి కావడంతో ఆనాటి మోటారు వాటిలో పట్టలేదు. వారు పట్టాలను అలాగే ఉంచి బండిని మాత్రం 76వ వంతుకు పెంచారు. ఆ పొంతన కుదరని కొలతలోనే అక్కడివారు నేటికీ రైళ్లు నడుపుతున్నారు.

మన దేశంలో గ్వాలియర్ సింధియాల జయవిలాస్ మహలులో భోజనపు బల్లమీద వెండి రైలు ఉంది. చుట్టలూ మద్యమూ మోసుకుంటూ అతిథుల ముందు తిరగడం దాని పని. అది రాజుగారి ముచ్చట. మనం చెప్పుకునే విద్య వేరు. ఇక్కడ రైలుకు ఒక ఊరు ఉండాలి, ఆ ఊరికి సరుకు కావాలి, ఆ సరుకు వేళకు చేరాలి.

మొదటి చిక్కు చోటు. మనకు తెలిసిన దారినే తీసుకుందాం. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైంది; 1931లో గుణుపురం దాకా సాగింది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 25 మైళ్లు. 87వ వంతుకు కుదించినా అది సుమారు 460 మీటర్లవుతుంది. రాజుల కోటలో కూడా అంత గది దొరకదు. కాబట్టి ఇంట్లో దారి కట్టేవాడు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవాలి. నాలుగు స్టేషన్లు ఉంచి, మధ్య పొలాలను ఒక మలుపుతో సరిపెట్టి, రెండు ఊళ్ల మధ్య ఒక గుట్టను అడ్డం పెడతాడు. చూసేవాడికి అవతలి స్టేషను కనిపించకపోతే దూరం దానంతటదే పుడుతుంది.

దూరం తగ్గితే కాలమూ తగ్గాలి. అయిదు నిమిషాల్లో దారి ముగిసిపోతే టైం టేబుల్ ఎక్కడిది? అందుకని గోడగడియారాన్ని వేగంగా తిప్పుతారు. అసలు గంట అయిదు నిమిషాల్లో గడిచేలా పెట్టుకుంటే రెండు గంటల ఆటలో ఒక పగలూ రాత్రీ తిరిగివస్తాయి.

ఇక నడిపే తీరు. పాత పద్ధతిలో కరెంటు పట్టాలలోనే పారేది. ఒకే పట్టాపై రెండు ఇంజన్లుంటే రెండూ ఒకేసారి కదిలేవి. అందుకే దారిని తుంచి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్చి పెట్టేవారు. 1990లలో అంకెల పద్ధతి స్థిరపడింది. పట్టాలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఒక్కో ఇంజనుకు ఒక్కో నంబరు. పిలిచిన నంబరే పలుకుతుంది. సరుకు సంగతికి కార్డులున్నాయి. 1961లో డగ్ స్మిత్ అనే అమెరికన్ ఈ పద్ధతిని పత్రికలో వివరించాడు. ప్రతి వ్యాగనుకూ ఒక కార్డు, దాంట్లో ఎక్కడికి పోవాలో చెప్పే చీటీ. మన గూడ్సు గుమాస్తాకు ఆర్.ఆర్. ఎలాగో గార్డు పాత్ర వహించినవాడికి ఆ చీటీ అలాగ. ఏ వ్యాగను ఏ సైడింగులో వదలాలో చదువుకుని షంటింగు చేస్తాడు. గుండ్రంగా తిరిగే రైలును పది నిమిషాలు చూస్తే విసుగు పుడుతుంది. చేయవలసిన పని ఉన్న రైలును నలుగురు కలిసి రాత్రంతా నడుపుతారు.

ఈ సూత్రాన్ని తేటగా చెప్పినవాడు న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఫ్రాంక్ ఎలిసన్. 1944లో రాసిన వ్యాసాలలో ఆయన ఇంటి రైలుదారిని నాటకంతో పోల్చాడు. దారి రంగస్థలం, రైళ్లు పాత్రలు, టైం టేబుల్ కథ.

ఆ నాటకానికి అంతవరకూ లేని తెరలు కట్టినవాడు జాన్ అలెన్. 1913లో పుట్టాడు, వృత్తి ఫొటోగ్రఫీ. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి కింది గదిలో 1954 నుంచి పెద్ద దారి కట్టసాగాడు. నేల నుంచి కప్పు దాకా కొండలు, లోయలమీద వంతెనలు, దూరం తోచేందుకు అద్దాలు. కొత్త బండికి మసీ తుప్పూ పూసి, పాతబడిన పనిబండిగా చూపడంలో అతడు దారి తీసినవారిలో ఒకడు. స్టెగోసారస్ అనే ప్రాచీన జంతువు బొమ్మచేత షంటింగు చేయించాడు. రైల్వే పేరు పలికితే ‘రక్తసిక్తం, పరాజితం’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలు వినిపిస్తాయి. అది అతని హాస్యం. 1973 జనవరి 6న గుండెపోటుతో మరణించాడు. కొద్ది రోజులకే ఇంటికి నిప్పంటుకుంది. దాదాపు ఇరవయ్యేళ్ల పని, ఇంకా పూర్తి కానిది, బూడిదైంది. మిగిలినవి అతడు తీసిన ఫొటోలు. వాటితో లిన్ వెస్ట్‌కాట్ రాసిన పుస్తకం 1981లో వచ్చింది. తరువాతి తరం ఆ విద్యను దాన్నుంచే నేర్చుకుంది.

దీనికి ఎదురుగా ఇంగ్లండు కథ. జాన్ అహెర్న్ అనే ఆయన 1930ల చివరలో తన ఇంట్లో మాడర్ లోయ అనే కల్పిత ప్రాంతానికి ఒక చిన్న రైలు కట్టాడు. పట్టాలే తప్ప పరిసరాలు పట్టని ఆ రోజుల్లో, వీధులూ దుకాణాలూ రేవూ ఉన్న ప్రాంతాన్ని కట్టి దానిగుండా రైలు నడిపాడు. ఆయన పోయాక అది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియం చేరి అక్కడ భద్రంగా ఉంది. పెండన్‌ను 1954లో స్థాపించిన రోయ్ ఇంగ్లండ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు. పల్లెల్లో గడ్డికప్పుల ఇళ్లు మారిపోవడం చూసి, అవి పోకముందే కొలతలు తీసి నమూనాలు చేయడానికి పూనుకున్నాడు. తమ ఊళ్లు మారిపోతున్నాయని ఒక పరాయివాడు ముందుగా గుర్తించడం అక్కడివారికి ఆశ్చర్యమే అయి ఉంటుంది.

అలెన్ పనితనం అహెర్న్‌కన్న తక్కువ కాదు. ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది, రెండవది నలుగురి సొత్తయింది. మన దేశంలో పుణెకు చెందిన బి. ఎస్. జోషీ ఈ సంగతిని ఆచరణలో చూపారు. సొంత అభిరుచిగా మొదలైన చిన్న రైళ్లను 1998లో కోత్రూడ్‌లో మ్యూజియంగా తెరిచారు. మహారాష్ట్రలోని మన పాఠకులు పిల్లలను వెంటబెట్టుకుని చూడదగినది.

నౌపడా చిన్న రైలు 2004లో ఆగింది. ఆ దారి పెద్ద గేజికి మారింది. రెండు రాష్ట్రాల నడుమ, రెండు భాషల మధ్య శతాబ్దానికి పైగా తిరిగిన బండి అది. దాని పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు. 87వ వంతు లెక్కవేస్తే 8.76 మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఎన్ గేజి పట్టా 9 మిల్లీమీటర్లు. అంటే పట్టాలు కొత్తగా చేయించుకోనక్కరలేదు. ఇంజనూ పెట్టెలూ ఫొటోలు చూసి చేసుకోవాలి. ఆ బండి ఏ వేళకు ఏ స్టేషనులో ఆగేదో, ఎవరు ఎక్కేవారో, ఏ సరుకు దిగేదో ఎరిగిన పెద్దలు టెక్కలిలోనూ పర్లాకిమిడిలోనూ ఇంకా ఉన్నారు. బల్ల కట్టే ముందు వారి దగ్గర కూర్చుని టైం టేబుల్ రాసుకోవడం మొదటి పని. దారి కట్టడం సాగకపోయినా, ఆ కాగితాలు మిగులుతాయి.