ఫిర్యాదు మళ్లీ ఠాణాకే

ఫిర్యాదు అనే మాట మాది. ఫార్సీలో పుట్టి, ఉర్దూలో పెరిగి తెలుగులో స్థిరపడింది. దర్యాప్తు కూడా అంతే. హాజరు, ఖైదు, జామీను అన్నీ అదే దారిన వచ్చాయి. నిజాం పోయాడు, ఉర్దూ దఫ్తర్లు పోయాయి, ఈ మాటలు మాత్రం ఠాణాలో అట్లాగే ఉండిపోయాయి. తెలంగాణలో ఏ సబ్-ఇన్‌స్పెక్టర్ కేసు రాసినా వీటిలో నాలుగైనా రాయక తప్పదు. మా మాటలతోనే మమ్మల్ని దర్యాప్తు చేస్తారు. అదే మాటతో మేం పోలీసు మీద ఫిర్యాదు చేస్తే ఆ కాగితం ఎటు పోతుందన్నదే ఈ వ్యాసంలో వెతకదల్చుకున్నది.

ముందు ఆ కాగితం వెంట నడిచి చూద్దాం. ఆర్మూరు నుంచి డిచ్‌పల్లి పోయే జాతీయ రహదారి మీద జక్రాన్‌పల్లి ఉంది. పసుపు పండే నేల. ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద బీడీలు చుట్టే ఊళ్లు. అక్కడ ఒక మనిషిని ఠాణాలో అన్యాయంగా కొట్టారనుకోండి. కొట్టినవాడి మీద రాసివ్వాల్సింది ఆ ఠాణాలోనే. రాసుకోరు. సోమవారం నిజామాబాద్ వెళ్లి కలెక్టరేట్‌లో ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తాడు. కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, రాసిపెట్టినవాడికి ఇచ్చిన పైసలు పోతాయి. దరఖాస్తు మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి పోలీసు అధికారికి పంపుతారు. ఆయన కింది అధికారికి, ఆయన ఆ కింది అధికారికి అదే ముక్క రాసి పంపుతారు. చివరికి అది జక్రాన్‌పల్లి ఠాణా బల్ల మీదికే చేరుతుంది. ఒకరోజు పొద్దున ఫోన్ వస్తుంది: 'ఓసారి ఠాణాకు వచ్చి పో.' ఎవరి మీద రాసిండో వాళ్ల ముందే నిలబడి వాంగ్మూలం ఇవ్వాలి. ఊరి పెద్ద ఒకాయన పక్కనుండి రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటాడు. 'ఆరోపణలు రుజువు కాలేదు' అనే రిపోర్టు మళ్లీ మెట్లెక్కి పైకి పోతుంది. పై అధికారి స్వయంగా విచారించాలని నియమాలు చెప్పొచ్చు, ఆచరణలో ఆయన కింది అధికారినే వివరణ అడిగి దాన్నే విచారణ అంటాడు.

ఇది ఇవ్వాళ మొదలైంది కాదు. నిజాం కాలంలో ఊళ్లో పోలీసు పటేల్, ఠాణాలో అమీన్, జిల్లాలో మొహతమీమ్. పటేలుగిరీ వంశపారంపర్యం. అమీన్‌కు ఊళ్లో కన్నూ చెవీ రెండూ పటేలే. పటేలు కొట్టాడని చెప్పాలంటే పటేలుతోనే చెప్పాలి. ఇక్కడ మన సెక్యులర్ మిత్రులకు ఒక మాట. నిజాం రాజ్యం ముస్లిం రాజ్యం కదా, మీకేం తక్కువైందని ఇప్పటికీ అడుగుతారు. అమీన్‌సాబ్ ముస్లిమే కావచ్చు. ఆయన షేర్వానీకీ మా దూదేకుల పేటకూ ఏ చుట్టరికమూ లేదు. మంగలి, చాకలి, మాదిగ ఎట్లా చేతులు కట్టుకుని నిలబడ్డారో మా కసాబ్, మా దూదేకుల తాత కూడా అట్లాగే నిలబడ్డాడు. రాజు మతం రాజుకు పనికొచ్చింది. ఆ పటేళ్ల వ్యవస్థ 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దుచేసేదాకా నడిచింది.

తర్వాత 1948 సెప్టెంబర్. సైన్యాన్ని దించి చేసిన పనికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. మా చరిత్రలో పోలీసు అనే మాటకున్న బరువు ఆ పేరులోనే ఉంది. ఆ తర్వాత జరిగిన ఊచకోతలపై విచారించి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపాడు. నవంబర్ చివరినుంచి డిసెంబర్ దాకా వాళ్లు జిల్లాలు తిరిగారు. మొత్తం మృతులు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారన్నది వాళ్ల అంచనా. బాగా దెబ్బతిన్నాయని వాళ్లు రాసిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. బోధన్ దాటితే వచ్చేది నాందేడే. లూటీలూ హత్యలూ జరిగినచోట కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ ప్రోత్సహించారని, పాల్గొన్నారని కూడా రాశారు. రజాకార్ల దౌర్జన్యాలనూ దాచలేదు, దాచాల్సిన అవసరమూ లేదు. మా తాతలను రజాకార్ల లెక్కలో కలిపి చంపారన్నదే కదా ఆ రిపోర్టు చెప్పింది. ప్రభుత్వం దాన్ని అచ్చు వేయలేదు. దశాబ్దాల తర్వాత గానీ అందులోని భాగాలు జనం చదవలేకపోయారు. ఈసారి ఫిర్యాదు రాసింది బాధితుడు కాదు, ప్రభుత్వం పంపిన పెద్దమనుషులే. అయినా అది బీరువాలోనే ఉండిపోయింది.

ఇక 1978. నిజామాబాద్ నుంచి రైలెక్కితే రాత్రికల్లా చేరే హైదరాబాద్‌లో, నల్లకుంట ఠాణాలో జరిగిన ఘటన ఇది. పోలీసు మీద ఫిర్యాదు ఎంత దూరం వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే దీన్నే చూడాలి. మార్చి నెలాఖరు రాత్రి రెండో ఆట సినిమా చూసి వస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుని ఠాణాకు తీసుకుపోయారు. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా తొక్కి బతికేవాడు. ఠాణాలో ఆమెపై అత్యాచారం జరిగింది. అదేంటని అడిగిన భర్తను కొట్టారు, చనిపోయాడు. తెల్లవారి శవంతో జనం కదిలారు. ఠాణా మీద దాడి జరిగింది. కాల్పులు, కర్ఫ్యూ. ఫిర్యాదు కాగితం మీద కాక రోడ్డు మీద రాసినందువల్లే ప్రభుత్వం దాన్ని చదివింది. ఆ నెలలోనే గద్దెనెక్కిన చెన్నారెడ్డి ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.ఎ. ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది.

కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటో చూడండి. ఆ రాత్రి ఠాణాలో ఏం జరిగిందన్నది పక్కకు పోయింది. ఈమె ఎలాంటి మనిషి అన్నది ముందుకొచ్చింది. ఎన్ని నికాలు అయ్యాయి? తలాక్ చెల్లిందా? అహ్మద్ హుస్సేన్ నిజంగా భర్తేనా? పడుపువృత్తి కాదా? ఒక పేద ముస్లిం స్త్రీ పెళ్లిళ్లను షరియత్ తూకంలో పెట్టి, తూగలేదు కాబట్టి ఆమె మాట నమ్మొద్దన్నారు. మా పర్సనల్ లా మీద ఎన్నడూ లేని శ్రద్ధ పోలీసు వకీళ్లకు ఆ నెలల్లో పుట్టుకొచ్చింది! ఫిర్యాది నెమ్మదిగా ముద్దాయి అయింది. పోలీసు మీద వచ్చే ఫిర్యాదును దెబ్బకొట్టే పాత పద్ధతి ఇదే: నేరాన్ని కాదనక్కర్లేదు, చెప్పినవాళ్లను కాదంటే చాలు. ముస్లిమైతే ఆ పని ఇంకా సులువు.

అయినా ముక్తదర్ కమిషన్ లొంగలేదు. అత్యాచారం, హత్య జరిగాయని తేల్చి, పోలీసులపై కేసు నడపాలని చెప్పింది. ఒక సిట్టింగ్ జడ్జి పోలీసులను ఇంత సూటిగా పట్టివ్వడం చిన్న సంగతి కాదు.

అక్కడినుంచే అసలు కథ. కమిషన్ తేల్చింది తీర్పు కాదు, సలహా. 1952 నాటి విచారణ సంఘాల చట్టం ప్రకారం కమిషన్ ముందు ఒక మనిషి చెప్పిన మాటను తర్వాత నేర విచారణలో అతని మీద వాడకూడదు. అంటే కోర్టులో మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడి వాతావరణంలో మాకు న్యాయం జరగదని పోలీసులు అడిగారు. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. ఒకనాడు అదీ హైదరాబాద్ సంస్థానమే. కానీ హైదరాబాద్ గల్లీలో బతికే సాక్షులకు అది పరాయి రాష్ట్రం, పరాయి కోర్టు. 1981 ఫిబ్రవరిలో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. రాయచూరు జడ్జిని తప్పుపట్టడం సులువు. ప్రభుత్వమే తన కమిషన్ నిర్ధారణను కాపాడుకోవడానికి ఎంత పట్టుదల చూపిందన్నదే నా ప్రశ్న.

అదే 1978లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలోని మథుర కేసులో పోలీసులను వదిలిపెట్టింది. ఈ రెండు కేసుల మీద స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చినందుకే 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. ఒక ఆదివాసీ పిల్ల, ఒక పేద ముస్లిం స్త్రీ కలిసి తెచ్చిన చట్టం అది. అత్యాచార చట్టాల చరిత్ర చెప్పేటప్పుడు మన సభల్లో మథుర పేరు తప్పక వస్తుంది, రమీజాబీ పేరు తరచూ జారిపోతుంది. ముస్లిం సభల్లోనూ వినపడదు. పడుపు అనే ముద్ర వేసింది పోలీసులే అయినా దాన్ని మనవాళ్లు కొందరు లోలోపల నమ్మారేమోనని నా అనుమానం.

జాతీయ పోలీసు కమిషన్ 1979 ఫిబ్రవరిలో ఇచ్చిన మొదటి నివేదికలోనే కస్టడీ అత్యాచారం, కస్టడీ మరణం వంటి వాటిపై జ్యుడీషియల్ విచారణ తప్పనిసరి చేయాలని రాసింది. ఆ నివేదికలు ఏళ్ల తరబడి అటక మీద పడుకున్నాయి. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న, రిటైర్డ్ న్యాయమూర్తుల నాయకత్వంలో రాష్ట్రానికీ జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని ఆదేశించింది. పోలీసు మీది కాగితం పోలీసుకే పోకుండా ఒక వేరే తలుపు. తెలంగాణ ప్రభుత్వం ఆ అథారిటీ కోసం ఉత్తర్వు ఇచ్చింది 2021లో. పదిహేనేళ్లు.

ఆ పదిహేనేళ్లలో మాకు ఏం జరిగిందో చెప్పాలి. 2007 మే 18న మక్కా మసీదులో నమాజుకు వచ్చినవాళ్ల మధ్య బాంబు పేలింది. బాంబుతో చనిపోయినవాళ్లు చాలనట్టు బయట పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. చచ్చింది మేమే, పట్టుకుపోయిందీ మా పిల్లలనే. ఠాణా కాని చోట్ల, రికార్డు లేని రోజుల్లో ఉంచి కొట్టారని, కరెంటు షాకులు పెట్టారని ఆ పిల్లలు చెప్పారు. ఎవరికి చెప్పాలి? ఈసారి రాష్ట్ర మైనారిటీ కమిషన్ ఒక తలుపు తెరిచింది. అది నియమించిన అడ్వకేట్ రవిచందర్ జైలుకు వెళ్లి, పిల్లలతో మాట్లాడి, ఒంటి మీద గాయాలు చూసి నివేదిక ఇచ్చారు. తర్వాత దర్యాప్తు వేరే దిక్కుకు మళ్లింది, మా పిల్లలు నిర్దోషులయ్యారు. 2012 జనవరిలో ప్రభుత్వం కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు పరిహారం ఇచ్చింది, మంచివాళ్లని సర్టిఫికెట్లూ ఇచ్చింది. మన దేశంలో ఇలాంటిది అరుదు, కాదనను. కానీ సర్టిఫికెట్ మీద పేరు కొట్టించుకున్నవాడిదే. కొట్టినవాడి పేరు ఏ కాగితం మీదా లేదు. 2013లో ఆ పరిహారం ఉత్తర్వును హైకోర్టు కొట్టేసింది.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు ముస్లిం ఖైదీలను ఆలేరు దగ్గర బేడీలతోనే పోలీసు బండిలో కాల్చి చంపారు. దాన్ని విచారించడానికి వేసిన ప్రత్యేక బృందంలో ఉన్నదీ పోలీసు అధికారులే.

2023లో మన పక్క జిల్లా మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో ఒక దినసరి కూలీని పట్టుకెళ్లారు. సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడట. వదిలేశాక ఆసుపత్రి పాలై, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులను సస్పెండ్ చేశారు. ఇలాంటప్పుడు మన పత్రికలు 'చర్య తీసుకున్నారు' అని రాస్తాయి. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడం. సగం జీతం అందుతూనే ఉంటుంది. ఠాణాల్లో కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినా, అవి పనిచేసేలా చూసే బాధ్యత మళ్లీ ఆ ఠాణా అధికారికే అప్పగించింది.

ఆ కూలీ ప్రజావాణికి పోలేదు, ఠాణాకూ రాసివ్వలేదు. ఆసుపత్రి మంచం మీదినుంచి సెల్‌ఫోన్‌కు చెప్పాడు, ఎట్లా కొట్టారో. అది పత్రికలకెక్కింది. ఫిబ్రవరి నెలలోనే హైకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది.