స్కాన్ (ఒరాకిల్ క్లస్టర్ డేటాబేస్)

స్కాన్ అనేది ఒరాకిల్ రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ డేటాబేసుకు క్లయింట్ ప్రోగ్రాములు కనెక్ట్ కావడానికి వాడే ఉమ్మడి పేరు. 'సింగిల్ క్లయింట్ యాక్సెస్ నేమ్' అన్నదానికి ఇది పొడి అక్షరాల రూపం. ఇది 2009లో 11జి రెండవ విడుదలతో వచ్చింది. అంతకుముందు ప్రతి నోడు, అంటే క్లస్టరులోని ఒక్కొక్క సర్వరు, చిరునామానూ క్లయింటు యంత్రాల్లోని టీఎన్ఎస్‌నేమ్స్ ఫైళ్లలో రాయవలసి వచ్చేది కాబట్టి, ఒక నోడును చేర్చినా తీసేసినా ఆ ఫైళ్లన్నిటినీ దిద్దక తప్పేది కాదు.

ఈ పేరును డీఎన్ఎస్‌లో సాధారణంగా మూడు ఐపీ చిరునామాలకు ముడిపెడతారు. క్లయింటు ఆ పేరుతో, మామూలుగా 1521 పోర్టుకు, వచ్చినప్పుడు, కనెక్షన్ అభ్యర్థనలను అందుకునే ప్రోగ్రాము అయిన స్కాన్ లిజనరు, అడిగిన సర్వీసును అందిస్తున్న నోడులలో భారం తక్కువగా ఉన్నదాన్ని ఎంచి, అక్కడి స్థానిక లిజనరు చిరునామాను, అంటే ఆ నోడు వర్చువల్ ఐపీని, తిరిగి ఇస్తుంది. క్లయింటు అక్కడికి మళ్లీ కనెక్ట్ కావాలి. నిర్వాహకులు ఎక్కువగా పొరబడేది ఈ రెండవ అంచె దగ్గరే: ఫైర్‌వాల్‌లో స్కాన్ చిరునామాలకు మాత్రమే దారి తెరిచి, నోడుల వర్చువల్ ఐపీలను మరిచిపోతే, లిజనరు బదులు పలికినా కనెక్షన్ పూర్తికాదు.

వర్చువల్ ఐపీ ప్రయోజనం నోడు పడిపోయినప్పుడు తెలుస్తుంది. ఆ చిరునామా వెంటనే మరో నోడుకు మారి, అక్కడి నుంచి తిరస్కారం పంపుతుంది గనుక, క్లయింటు టీసీపీ గడువు తీరేదాకా ఎదురుచూడకుండా ఇంకో చిరునామాను ప్రయత్నించగలుగుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో కనెక్షన్ వివరణలోని 'రీట్రై_కౌంట్' నిర్ణయిస్తుంది.