ముహ్తసిబ్ నుండి ప్రజావాణి వరకు

ముత్యంపేట వంటి గ్రామంలో నల్లా ఆగిపోతే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్న ఎంతో పాతది. కూఫా ప్రజలు తమ గవర్నరు హజ్రత్ సఅద్ (రజి)పై ఫిర్యాదు చేయగా, ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను తొలగించి, మనుషులను పంపి మసీదు మసీదులో విచారణ జరిపించారు. అసమర్థత వల్లగానీ ద్రోహం వల్లగానీ తొలగించలేదని తరువాత స్పష్టం చేశారు.

1058లో మరణించిన ఇమామ్ మావర్దీ ప్రకారం, పట్టణంలో నీటివసతి చెడితే ముహ్తసిబ్ దానిని బైతుల్‌మాల్ ధనంతో బాగుచేయించాలి. ధనం లేకుంటే ఆ భారం స్థోమతగలవారిది.

మన ప్రాంతంలో 1983 నాటి లోకాయుక్త చట్టం అధికారులపై ఆరోపణల విచారణకు దారి చూపింది. నల్లా, మోరీల మొర మాత్రం గ్రామసభలోనూ, కలెక్టరు సోమవారం నిర్వహించే ప్రజావాణిలోనూ చెప్పుకోవలసిందే. అధికారిని శిక్షించినంత మాత్రాన నీరు రాదు. నీరు వచ్చినప్పుడే ఫిర్యాదు తీరినట్లు.